పుట్టినరోజు జాప్‌చేలో టోఫు

“ఇందులో టోఫు ఎవరు వేశారు?”

గిచొల్ అరవలేదు. పక్కగదిలో మేనత్త కూర్చుని ఉంది, అరిస్తే వినబడుతుంది. ఇన్నేళ్ళ కాపురంలో మొగుడు అరిచినప్పుడు హేసన్ ఏనాడూ జంకలేదు. గొంతు తగ్గించినప్పుడే జంకేది.

వంటింటి నేలమీద పెద్ద స్టీలు బేసిన్ నిండా జాప్‌చే. నిగనిగలాడే చిలగడదుంప సేమియా, పాలకూర, సన్నగా తరిగిన క్యారెట్, నల్లటి పుట్టగొడుగులు, ఉల్లిపాయ, పైన చల్లిన నువ్వులు. అత్తగారికి ఇవాళ డెబ్బయ్యేళ్ళు నిండుతున్నాయి. విందులో ఇంకేం లేకపోయినా జనం సర్దుకుంటారు గాని, జాప్‌చే లేకపోతే వచ్చినవాళ్ళు ఇంటికెళ్ళేదాకా కూడా ఆగరు, వీధి మలుపులోనే ఆడిపోసుకోవడం మొదలెడతారు.

అందుకే హేసన్ చీకటితో లేచి ఏ కూరకి ఆ కూర విడిగా వేయించింది, విడివిడిగా పళ్ళేల్లో ఆరబెట్టింది, సేమియా ఉడికించింది, మాంసం సన్నగా కోసి సోయా సాస్‌లో నానబెట్టింది. బియ్యప్పిండి కేకులు తేవడానికి బజారుకు వెళ్ళి వచ్చేసరికి ఎవరో అన్నీ కలిపేశారు. నానబెట్టిన మాంసం నానబెట్టినచోటే ఉంది. దాని బదులు, వేలెడు పొడుగున కోసి ఎర్రగా వేయించిన టోఫు ముక్కలు బేసిన్ అంతా పరుచుకుని ఉన్నాయి.

“నేను వెయ్యలేదు,” అంది హేసన్.

“మరి అదే నడిచొచ్చి దూకిందా?”

“ఇప్పుడే కదండీ బజారు నుంచి వచ్చాను. చేతిలో సంచి కూడా దించలేదు.”

“వెళ్ళేముందు వేసి ఉండొచ్చుగా. నీ మనసులో ఏముందో నాకు తెలీదనుకున్నావా? వాడొచ్చిన రోజు నుంచీ మొహం గంటు పెట్టుకుని తిరుగుతున్నావు. మాటతో అనలేక వంటతో అంటున్నావు.”

“అనాలనుకుంటే వంట దాకా ఎందుకు? నాకు నోరు లేదూ?”

“ఉంది. అదే నా భయం.”

దల్‌సు ఇంటికి తిరిగొచ్చి వారం కాలేదు. గిచొల్ తమ్ముడు దల్‌సు ట్యూనా పడవ మీద దక్షిణ సముద్రాలకి వెళ్ళాడనీ, రెండేళ్ళ ఒప్పందం ముగించుకుని వచ్చాడనీ యంగ్‌జు ఊరంతటికీ తెలుసు. తల్లి మల్‌సున్‌కి కూడా చెప్పింది అదే. అతను నిజంగా ఉన్నది జైల్లో. అదీ తను చెయ్యని నేరానికి. ఆ రాత్రి తాగి ఆపిల్ లారీ నడిపింది గిచొల్. సైకిల్ మీద పోతున్న ముసలాయన లారీ కింద పడి చనిపోతే, “నేనే నడిపాను” అని పోలీసుల ముందు నిలబడింది దల్‌సు. అన్నకి భార్య ఉంది, లారీ ఉంది, తోట ఉంది, ఊళ్ళో పరువు ఉంది. నాకేముంది అన్నాడు ఆ పిచ్చివాడు. ఈ సంగతి అన్నదమ్ములిద్దరికీ, హేసన్‌కీ తప్ప నాలుగో మనిషికి తెలియదనే వాళ్ళ నమ్మకం.

ఇక టోఫు సంగతి చెప్పాలంటే, రోజూ తినేదే, అందులో తప్పేం లేదు. కానీ జైలు గేటు దాటి బయటికొచ్చినవాడి నోట్లో అయినవాళ్ళు మొట్టమొదట పెట్టేది ఒక తెల్లటి టోఫు ముక్క. అది తింటే మళ్ళీ ఆ గేటు తొక్కడని నమ్మకం. ఎంత లేనివాడికైనా ఆ ముక్క పట్టుకుని ఎవరో ఒకరు గేటు బయట నిలబడతారు. దల్‌సు కోసం ఎవరూ నిలబడలేదు. “ఎవరైనా చూస్తే కొంప మునుగుతుంది, వాడే బస్సెక్కి వస్తాడు” అన్నాడు గిచొల్. హేసన్ ఆ మాట విని ఊరుకుంది. ఆ ఊరుకోవడం ఆమెకి ఇంకా గొంతులో ముల్లులా ఉంది.

“మధ్యాహ్నానికి నామ్ గారు వస్తున్నారు,” అన్నాడు గిచొల్. ఆపిల్ రైతుల సంఘం అధ్యక్షుడాయన. దిగిపోతూ దిగిపోతూ ఆ కుర్చీలో గిచొల్‌ని కూర్చోబెట్టాలని చూస్తున్నాడు. “ఆయన ముందు ఈ టోఫు పెడతావా? చూసినవాడు ఒక్కడు నవ్వులాటకి ఒక్క మాట అంటే చాలు. అమ్మ గుండె అసలే అంతంతమాత్రం. తీసెయ్. ఒక్క ముక్క కనబడకూడదు.”

“కలిపేశాక ఎలా తీస్తామండీ?”

“ఇలా.” అతను గరిటె లాక్కుని బేసిన్‌లో గుచ్చాడు. సేమియా పుటుక్కున తెగింది.

“తెంపకండి!” హేసన్ అతని చెయ్యి పట్టుకుంది. “పుట్టినరోజు సేమియా. తెగితే ఆయుష్షు తెగినట్టు. ఆవిడ మీ అమ్మ.”

గిచొల్ గరిటె వదిలేశాడు. ఒక్క క్షణం అతని మొహంలో చిన్నపిల్లాడి భయం కనబడింది. తర్వాత చేతులు తుడుచుకుని, “నువ్వే తియ్యి. వాణ్ణి కూడా పిలువు. ఇద్దరూ కలిసి తియ్యండి,” అని బయటికి వెళ్ళిపోయాడు.

*

దల్‌సు పెరట్లో క్యాబేజీలు కడుగుతున్నాడు. పిలవగానే వచ్చి, తడిచేతులు ప్యాంటుకి తుడుచుకుని, బేసిన్ ముందు బాసింపట్టు వేసుకున్నాడు. బేసిన్‌లోకి చూశాక అతని చేతులు ఆగిపోయాయి.

“నువ్వు వేశావా?” అంది హేసన్, చాప్‌స్టిక్స్ అందిస్తూ.

“నేనా? నేనెందుకేస్తాను వదినా?”

“ఏమో. కోపం ఉండొచ్చు. ఉంటే తప్పు కూడా కాదు.”

“కోపం ఉంటే పెరట్లో కూర్చుని మీ క్యాబేజీలు కడుగుతానా?” అని నవ్వబోయి ఊరుకున్నాడు. “అన్నయ్యకి చెప్పు. నేను నోరు తెరవను. రెండేళ్ళు తెరవనివాణ్ణి ఇప్పుడెందుకు తెరుస్తాను?”

ఇద్దరూ తలలు వంచుకుని ఏరడం మొదలుపెట్టారు. సేమియా తెగకుండా టోఫు తీయడం అంటే చిక్కుపడ్డ జుట్టులోంచి పువ్వు తీయడమే. దారాలు ఒక్కొక్కటీ పక్కకు జరపాలి, ముక్కని మెల్లగా పైకి లాగాలి, అంటుకున్న నువ్వు గింజని కూడా దులపాలి. గిన్నెలో టోఫు పేరుకుంటోంది.

చాలాసేపటికి దల్‌సు, “నాకు దీన్ని చూస్తేనే ఎలాగో ఉంటుంది వదినా,” అన్నాడు.

“ఎందుకని?”

“ఆ రోజు గేటు బయట జనం. ఒక్కొక్కడికీ వాడి మనుషులు. పెళ్ళాం, అమ్మ, బావమరిది. అందరి చేతుల్లో టోఫు. నేను తల దించుకుని గబగబా నడుస్తున్నా. ఒక ముసలావిడ తన కొడుకు కోసం నిలబడి ఉంది. నేనొక్కణ్ణే పోతున్నానని చూసి, తన చేతిలోది సగం తుంచి, ‘తిను నాయనా’ అని చాచింది.”

“తిన్నావా?”

“లేదు. ‘మావాళ్ళు తెస్తున్నారమ్మా, బస్‌స్టాండ్‌లో ఉన్నారు’ అని చెప్పా.” దల్‌సు ఒక ముక్కని పైకి తీసి గిన్నెలో వేశాడు. “ఆవిడ నమ్మలేదు. ఊరికే తల ఊపింది.”

హేసన్‌కు కళ్ళలో నీళ్ళు నిండాయి. ఏదైనా అనాలనుకుంది. ఏమంటుంది? రావాల్సింది నేను, రాలేదు. ఆ మాట ఇప్పుడంటే దానితో ఎవరి కడుపు నిండుతుంది? ఆమె ముక్కు ఎగబీల్చి మళ్ళీ ఏరడంలో పడింది.

“రేపు పూసాన్ పోతున్నా వదినా,” అన్నాడు అతను. “ఏదో ఒక పడవ ఎక్కుతా. అప్పుడు అన్నయ్య చెప్పింది అబద్ధం కూడా కాకుండా పోతుంది.”

“పిచ్చి మాటలు మాట్లాడకు.”

“ఇక్కడుంటే నా మొహం చూసినప్పుడల్లా అన్నయ్యకి అన్నం దిగదు. చూడలేదూ? నిన్న కూర మొత్తం వదిలేసి లేచాడు.”

హేసన్ చేతిలో ఒక టోఫు ముక్క ఉంది. అలవాటు కొద్దీ ఉప్పు సరిపోయిందో లేదో చూద్దామని నోటి దగ్గరికి తెచ్చుకుంది. తెచ్చుకుని అలాగే ఉండిపోయింది.

“ఏమైంది?” అన్నాడు దల్‌సు.

“ఇది అడవి నువ్వుల నూనెలో వేయించింది.”

“అయితే?”

“నేను మామూలు నువ్వుల నూనె తప్ప వాడను. ఈ వాసన నాకు పడదు. ఈ ఇంట్లో టోఫుని అడవి నువ్వుల నూనెలో వేయించే మనిషి ఒక్కరే.”

దల్‌సు మొహం పాలిపోయింది. అసలే తెల్లగా ఉన్న మొహం. “అమ్మ పార్లర్‌కి కదా వెళ్ళింది, జుట్టు రింగులు తిప్పించుకోడానికి?”

“మధ్యలో రాలేదా?”

అతను ఆలోచించాడు. “వచ్చింది. పర్సు మర్చిపోయానంది. నన్ను చూసి, ఇక్కడేం చేస్తున్నావురా మగాడివి, పెరట్లో క్యాబేజీలున్నాయి పోయి కడుగు అంది. నేను పోయా.” చాప్‌స్టిక్స్ కింద పెట్టేశాడు. “వదినా, అమ్మకి తెలుసా?”

“మెల్లగా మాట్లాడు.”

“ఎంతవరకు తెలుసు?”

అదే హేసన్ కూడా తనలో తను వేసుకుంటున్న ప్రశ్న. కొడుకు జైల్లో ఉన్నాడని మాత్రమే తెలుసా? లేక ఎవరి బదులు ఉన్నాడో కూడా తెలుసా? అందరూ తినే కూరలో కలిపేస్తే, ఎవరూ పట్టించుకోకుండా కొడుకు నోట్లోకి ఆ ముక్క వెళ్ళిపోతుందని అనుకుంది ముసలావిడ. పిల్లలకి చేదు మందు బెల్లంలో పెట్టి మింగించినట్టు. అటువంటి ముక్కల్ని వీళ్ళిద్దరూ కూర్చుని ఒక్కొక్కటే ఏరి అవతల పారేస్తున్నారు.

గేటు చప్పుడైంది. “ఎవరది ఇంట్లో? ముసలిదానికి రింగులు ఎలా ఉన్నాయో చూసి చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?” మల్‌సున్ గొంతు ఖంగుమంది.

హేసన్ టోఫు గిన్నెని పై అలమరాలో, కిమ్చి జాడీ వెనక దాచింది. నానిన మాంసం గబగబా వేయించి జాప్‌చేలో కలిపింది. మొగుడికి ఆ నూనె వాసన సంగతి చెప్పాలా అని ఒక్కసారి అనుకుంది. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో అప్పుడు ఆమెకి కూడా తెలియదు.

*

నామ్ గారు గుమ్మంలో బూట్లు విప్పుతూనే, “ఇల్లంతా నువ్వుల నూనె ఘుమఘుమ! ఇంటి పెద్దకొడుకు దర్జా వాసనలోనే తెలుస్తోంది,” అన్నాడు. గిచొల్ నడుం వంచి ఆయన కోటు అందుకున్నాడు.

వెచ్చటి నేలమీద బల్లలు పొడుగ్గా కలిపి వేశారు. నడిమధ్య మల్‌సున్, గులాబీరంగు పట్టు హన్‌బోక్‌లో, కొత్త రింగుల జుట్టుతో, పెళ్ళికూతురిలా కూర్చుంది. పక్కన ఆడపడుచు, అంటే గిచొల్ మేనత్త. పొంగ్‌హ్వాలో కాపురం కాబట్టి అందరికీ ఆవిడ పొంగ్‌హ్వా అత్తే. ఆవిడ నోటికి భయపడి చుట్టాలు పెళ్ళిళ్ళలో కూడా ఆవిడ పక్కన కూర్చోరు. ఎదురుగా నామ్ గారు, ఇరుగుపొరుగు నలుగురు. బల్ల చివర దల్‌సు, కుక్కిన పేనులా.

“ఏరా దల్‌సూ,” అంది పొంగ్‌హ్వా అత్త, సముద్రపు నాచు పులుసు జుర్రుతూ. “రెండేళ్ళు సముద్రం మీద ఎండలో మాడినవాడివి, ముల్లంగిలా తెల్లగా వచ్చావేంట్రా? పూసాన్‌లో మా అల్లుడి తమ్ముడూ పడవ మనిషే. వచ్చినప్పుడల్లా అడుగంటిన అన్నంలా ఉంటాడు.”

“వాడిది ఇంజను గదిలో పని అత్తయ్యా,” అన్నాడు గిచొల్. “పైకి రానే రారు.”

“నిన్నడిగానా? వాడికి నోరు లేదూ?”

“ఇంజను గదిలోనే అత్తయ్యా,” అన్నాడు దల్‌సు.

“అలాగా. మరి సముద్రం నుంచి వస్తూ వస్తూ అమ్మకి ట్యూనా డబ్బాలు తెచ్చావట. మీ అమ్మ నాకూ ఒకటిచ్చింది. దాని మీద మన బజారు కొట్టువాడి ధర చీటీ అలాగే ఉంది!”

నామ్ గారు కడుపు పట్టుకుని నవ్వాడు. “చేపలు ఈదుకుంటూ మనకన్నా ముందే యంగ్‌జు చేరాయన్నమాట!” అందరూ నవ్వారు. గిచొల్ అందరికన్నా గట్టిగా నవ్వాడు. ఆ డబ్బాలు కొన్నది అతనే. చీటీ పీకడం మర్చిపోయాడు.

మల్‌సున్ మాత్రం నవ్వలేదు. కొడుకుల్ని మార్చి మార్చి చూస్తోంది.

“ఇక కానివ్వండి,” అన్నాడు గిచొల్, మాట మార్చడానికి. లేచి, తల్లి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో కప్పులో బియ్యం సారా పోశాడు. ఇలాంటి రోజున పెద్దకొడుకు ముందు పోసి మొక్కాలి, తర్వాతే మిగతావాళ్ళు. “అమ్మా, నిండు నూరేళ్ళూ ఉండాలి నువ్వు.”

“ఉండు నాయనా. పరగడుపున తాగకూడదు. ముందు ఒక ముద్ద తిననీ.”

ఆవిడ జాప్‌చే పళ్ళేన్ని దగ్గరికి లాక్కుంది. చాప్‌స్టిక్స్‌తో సేమియాని పైకెత్తి చూసింది. పక్కకు జరిపి చూసింది. అడుగుదాకా కలియబెట్టి చూసింది. బల్ల దగ్గర మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

“నా టోఫు ఏది?” అంది మల్‌సున్.

హేసన్ గుమ్మం దగ్గర పులుసు గిన్నెతో నిలబడిపోయింది.

“టోఫు ఏమిటి వదినా, పుట్టినరోజు జాప్‌చేలో?” అంది పొంగ్‌హ్వా అత్త. “ఇంట్లో ఎవరైనా జైలు నుంచి గానీ వచ్చారా ఏంటి?” అని పకపకా నవ్వింది.

“జైలేమిటి అత్తయ్యా!” గిచొల్ అరిచాడు. “మా ఇంట్లో జైలుకెళ్ళినవాళ్ళు ఎవరు? శుభమా అని అమ్మ పుట్టినరోజు నాడు ఆ మాటలేంటి? నామ్ గారి ముందు?”

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అయింది. పొంగ్‌హ్వా అత్త నవ్వు సగంలో ఆగింది. ఆవిడ సరదాకి అన్నది కాస్తా ఇప్పుడు సరదాగా లేదు. నామ్ గారు చాప్‌స్టిక్స్ నెమ్మదిగా బల్లమీద పెట్టాడు.

“హేసన్,” అంది మల్‌సున్.

“అత్తయ్యా.”

“పొద్దున నేను వేయించి కలిపిన టోఫు ఏమైంది?”

“అది జిగురొచ్చిందమ్మా,” అన్నాడు గిచొల్. “పాడైపోయింది. పారేశాం.”

“నిన్నడగలేదు. కోడల్ని అడిగాను.”

గిచొల్ తలతిప్పి హేసన్‌ని చూశాడు. ఆ చూపు ఆమెకి కొత్త కాదు. పోలీసులు వచ్చిన రోజు చూశాడు అలా. తల్లికి సముద్రం కథ చెప్పిన రోజు చూశాడు. ప్రతిసారీ ఆమె తలూపింది, లేదా మాట కలిపింది, లేదా టీ పెడతానని లేచిపోయింది. ఇప్పుడు కూడా అవునత్తయ్యా అంటే అయిపోతుంది. ముసలావిడ ఇంతకాలం మింగినట్టే ఇది కూడా మింగుతుంది. నామ్ గారు మళ్ళీ చాప్‌స్టిక్స్ అందుకుంటాడు. గిచొల్‌కి కుర్చీ వస్తుంది. దల్‌సు రేపు పూసాన్ వెళ్ళిపోతాడు, ఇక ఈ ఇంటి గుమ్మం తొక్కడు.

బల్ల చివర దల్‌సు తల అడ్డంగా ఊపుతున్నాడు. వద్దు వదినా, చెప్పొద్దు అని.

అతను అలా ఊపడం చూసే ఆమె పులుసు గిన్నె కింద పెట్టేసింది. ఇంకా ఎంతకాలం వీడే వద్దంటాడు?

“ఉంది అత్తయ్యా,” అంది హేసన్. “తెస్తాను.”

“హేసన్,” అన్నాడు గిచొల్. గొంతు తగ్గించాడు.

ఆమె వంటింట్లోకి వెళ్ళింది. కిమ్చి జాడీ వెనకనుంచి గిన్నె తీసింది. తెచ్చి అత్తగారి ముందు పెట్టింది.

మల్‌సున్ ఒక ముక్క తీసింది. “దల్‌సూ, ఇలా రా.”

అతను కదలలేదు.

“డెబ్బయ్యేళ్ళ ముసలిదాన్ని, నన్ను లేపుతావురా?”

దల్‌సు మోకాళ్ళ మీద పాక్కుంటూ వచ్చాడు. తల్లి అతని గడ్డం కింద చెయ్యి పెట్టి, ముక్క నోట్లో పెట్టింది. అతను నమలలేకపోయాడు. నోట్లో ముక్కతోనే భుజాలు కదిలిపోతుండగా ఏడ్చాడు.

“నమిలి మింగు,” అంది ఆవిడ. “గేటు దగ్గర పెట్టాల్సింది. రావాలనే ఉంది నాకు. మీ అన్న నువ్వు సముద్రంలో ఉన్నావన్నాడు. సముద్రానికి ఏ బస్సు వెళ్తుందో తెలీక ఇంట్లో కూర్చున్నాను.”

“వదినా…” అంది పొంగ్‌హ్వా అత్త. “నేను ఏదో నవ్వులాటకి అన్నాను. అయితే వీడు నిజంగానే…”

“నిజంగానే. ఈ రెండేళ్ళూ నా చిన్నకొడుకు జైల్లో ఉన్నాడు. ఎవరింట్లో చెప్పుకుంటావో చెప్పుకో.”

పక్కింటావిడ పులుసులో గరిటె పెట్టి తీయడం మర్చిపోయింది. నామ్ గారు గోడమీది క్యాలెండర్‌ని శ్రద్ధగా చూస్తున్నాడు.

గిచొల్ తేరుకున్నాడు. ఒక రకంగా అతని మొహంలో కాస్త ప్రాణం వచ్చింది కూడా. పోయిన పరువు తమ్ముడిది, తనది కాదు. గట్టిగా ఊపిరి పీల్చుకుని, నామ్ గారి వైపు తిరిగి, “క్షమించాలి. కుటుంబం అన్నాక ఒకడు దారి తప్పుతాడు. అమ్మ బాధపడుతుందని దాచాను. ఇంటికి పెద్దవాణ్ణి కదా, నేనే మొయ్యాలి,” అన్నాడు.

హేసన్ ఆ మాట విని మొగుణ్ణి కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

మల్‌సున్ చాప్‌స్టిక్స్ మళ్ళీ గిన్నెలోకి వెళ్ళాయి. ఇంకో ముక్క తీసింది. ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్న పెద్దకొడుకు నోటి ముందు పెట్టింది.

“తిను,” అంది.

గిచొల్ ఇబ్బందిగా నవ్వాడు. “నాకెందుకమ్మా? వెళ్ళొచ్చింది వాడు కదా.”

“వెళ్ళొచ్చింది వాడే. తిను.”

“అమ్మా, అందరూ చూస్తున్నారు.”

“చూడనీ.”

నామ్ గారు క్యాలెండర్ మీద నుంచి చూపు తిప్పాడు. ఆపిల్ తోటల మధ్య జుట్టు నెరిసినవాడు. లెక్క కట్టడానికి ఆయనకి ఎంతోసేపు పట్టదు. గిచొల్ నుదుటి మీద చెమట పట్టింది. మళ్ళీ భార్య వైపు చూశాడు. ఈసారి ఆ చూపులో ఆజ్ఞ లేదు, బతిమాలడం ఉంది. ఏదో ఒకటి చెప్పు. అమ్మకి వయసైపోయింది, మతి తప్పిందని చెప్పు.

హేసన్ వచ్చి అతని పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. అతను ఊపిరి వదిలాడు.

ఆమె గిన్నెలోంచి ఒక టోఫు ముక్క వేళ్ళతోనే తీసి, తన నోట్లో పెట్టుకుంది.

“నువ్వెందుకే తింటున్నావు?” అంది పొంగ్‌హ్వా అత్త, అయోమయంగా.

హేసన్ పూర్తిగా నమిలి మింగింది. చల్లారిపోయిన టోఫు. ఉప్పు సరిగ్గా ఉంది. ఇన్నాళ్ళూ పడని ఆ నూనె వాసన ఇవాళ ఆమెకేమీ అనిపించలేదు.

“ఆ రాత్రి తలుపు తీసింది నేను,” అంది, అత్తగారి మొహంలోకి చూస్తూ. “లారీ తాళాలు ఎవరి చేతిలో ఉన్నాయో చూశాను. చూసి కూడా ఊరుకున్నాను అత్తయ్యా.”

“తెల్లారి వీడి చొక్కా మీది నెత్తురు ఉతికింది నేను కాదుటమ్మా,” అంది మల్‌సున్ మెల్లగా. “నేనూ ఊరుకున్నాను.”

దల్‌సు తల ఎత్తాడు. తల్లికి మొదటి రోజు నుంచీ తెలుసు. తెలిసి తెలిసీ ఇద్దరు కొడుకుల్లో ఒకణ్ణి పంపించి, ఒకణ్ణి ఉంచుకుంది. అతను తల్లి మొహం చూస్తూ ఉండిపోయాడు, నోట్లో ముక్క ఇంకా మింగలేదు.

మల్‌సున్ చిన్నకొడుకు వైపు చూడలేకపోయింది. టోఫు ముక్కతో చాచిన చెయ్యి మాత్రం దించలేదు.

“ఇక నువ్వు, నాయనా,” అంది గిచొల్‌తో. “నోరు తెరువు.”